పాత బరువు ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్ మార్పు: పెట్టిన డబ్బుకు తగ్గది ఎంచుకోవడం ఎలా

పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలైతే చాలు, నల్లగొండలో మా రిపేర్ కౌంటర్‌కు ఫొటో స్టూడియోల వాళ్లు వరుస కడతారు. చంకలో ఇటుకంత బరువున్న ల్యాప్‌టాప్. డెల్ ప్రెసిషనో, హెచ్‌పీ ఎలైట్‌బుక్కో, థింక్‌ప్యాడో. ఒకప్పుడు ఏదో ఆఫీసులో ఇంజినీరు ముందు దర్జాగా కూర్చున్నవి, సెకండ్‌హ్యాండ్‌లో మన దాకా వచ్చాయి. అడిగేది ఒకటే: "అన్నా, రెండర్‌కు పెట్టి ఇంటికి పోయి తినొచ్చినా అయితలేదు. గీ ప్రాసెసర్ మార్చరాదే?"

మార్చొచ్చు. అయితే అన్ని ల్యాప్‌టాప్‌లకూ కుదరదు, కుదిరినవాటికి కూడా ఏది పడితే అది వేస్తే డబ్బు దండగ. నా లెక్క ముందే చెప్పేస్తాను. కోర్ అంటే ప్రాసెసర్ లోపల సొంతంగా పనిచేసే ఒక్కో విభాగం. రెండు కోర్ల ప్రాసెసర్ తీసి నాలుగు కోర్లది వేయడానికైతే ఖర్చు పెట్టండి. ఇప్పటికే నాలుగు కోర్లు ఉంటే జేబులో చెయ్యి పెట్టకండి. ఎందుకో కింద తెలుస్తుంది.

1. అసలు తప్పు ప్రాసెసర్‌దేనా?

మీరు రోజూ చేసే పనే మొదలుపెట్టండి. రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) అయితే రెండరింగ్, ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ అయితే అదే. అది నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లండి. మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. డిస్క్ 100 దగ్గర నిలబడి ఉంటే హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించుకోండి. ఈ రెండూ తేలిగ్గా ఉండి సీపీయూ ఒక్కటే 100కు అతుక్కుంటే, అప్పుడు ప్రాసెసర్ మాట మాట్లాడుకుందాం. చాలామందిని నేను ఇక్కడే ఆపేస్తాను. ఎస్ఎస్‌డీ వేశాక మళ్లీ ప్రాసెసర్ ఊసెత్తినవాళ్లు తక్కువ.

ఒక చిక్కు ఉంది. సీపీయూ 25, 30 శాతమే చూపిస్తున్నా పని నత్తనడక నడవొచ్చు. గ్రాఫ్ మీద రైట్‌క్లిక్ చేసి, చేంజ్ గ్రాఫ్‌లో లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకోండి. ఒక్క గడి నిండిపోయి మిగతావి ఖాళీగా ఉన్నాయంటే, మీ సాఫ్ట్‌వేర్ ఒక్క కోర్ మీదే బతుకుతోంది. ఆటోకాడ్‌లో మామూలు డ్రాయింగ్ పని దాదాపు ఇలాగే ఉంటుంది. అలాంటప్పుడు నాలుగు కోర్లు పెట్టినా మూడు ఊరికే కూర్చుంటాయి. ప్లాన్లు గీసే సివిల్ ఇంజినీర్లు ఈ గ్రాఫ్ చూశాకే మిగతాది చదవండి.

2. మీ ప్రాసెసర్ ఊడుతుందా, ఊడదా?

సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, మొదటి పేజీలో పేరూ ప్యాకేజీ అన్న గడీ చూడండి. ఆర్‌పీజీఏ అని ఉంటే పిన్నులున్న ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుని ఉంది, ఊడుతుంది. బీజీఏ అని ఉంటే బోర్డుకు సోల్డర్ చేసి అతికించేశారు. దాన్ని మార్చిపెడతామని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పేరు చివరి అక్షరాలతో కూడా పోల్చుకోవచ్చు. ఇంటెల్ 2, 3 తరాల్లో (నాలుగంకెల నంబరులో మొదటి అంకే తరం) ఎం, క్యూఎం, ఎక్స్‌ఎం అని ముగిసేవి సాధారణంగా సాకెట్‌వి. 4వ తరంలో ఎం, ఎంక్యూ, ఎంఎక్స్ సాకెట్‌వి, హెచ్‌క్యూ మాత్రం సోల్డర్. ఎంక్యూకు, హెచ్‌క్యూకు తేడా ఒక్క అక్షరమే, కానీ ఆ అక్షరం దగ్గరే మీ కథ అయిపోతుంది. యూ అని ముగిసేది ఏ తరానిదైనా సోల్డరే. 5వ తరం నుంచి ఇంటెల్ మొబైల్ ప్రాసెసర్లన్నీ బోర్డుకు అతికించి వచ్చాయి. డెస్క్‌టాప్ ప్రాసెసర్ పెట్టుకునే కొన్ని భారీ గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి గానీ, మన జిల్లాల్లో అవి కనపడేది అరుదు.

కాబట్టి ఈ వ్యాసం ఎవరికంటే 2011 నుంచి 2014 ప్రాంతం దాకా వచ్చిన దిట్టమైన ల్యాప్‌టాప్‌లు ఉన్నవారికి. డెల్ ప్రెసిషన్ ఎం4600, ఎం4700, ఎం4800. లాటిట్యూడ్ ఈ6430, ఈ6440. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 8560డబ్ల్యూ, 8570డబ్ల్యూ, మొదటి జెడ్‌బుక్ 15. థింక్‌ప్యాడ్ డబ్ల్యూ520, డబ్ల్యూ530, టీ430, టీ440పీ.

3. బోర్డు ఒప్పుకుంటుందా?

సాకెట్ ఒకటైనంత మాత్రాన ప్రాసెసర్ నడుస్తుందని కాదు. 2, 3 తరాలకు సాకెట్ ఒకటే, దాన్ని జీ2 అంటారు. 4వ తరానిది జీ3, అందులోకి పాతవి దిగనే దిగవు. జీ2లో మళ్లీ మెలిక ఉంది. బోర్డు మీద చిప్‌సెట్ హెచ్‌ఎం76, హెచ్‌ఎం77, క్యూఎం77 లాంటిదైతే 3వ తరం ప్రాసెసర్ హాయిగా నడుస్తుంది. హెచ్‌ఎం65, హెచ్‌ఎం67, క్యూఎం67 అయితే 2వ తరంలోనే చూసుకోండి. సీపీయూ-జెడ్‌లో మెయిన్‌బోర్డ్ పేజీలో సౌత్‌బ్రిడ్జ్ అన్నచోట ఈ పేరు కనిపిస్తుంది.

అక్కడ హెచ్‌ఎం70 అని కనిపిస్తే ఆగిపోండి. అది సెలెరాన్, పెంటియం ప్రాసెసర్ల కోసం చేసిన చవక చిప్‌సెట్. అందులో ఐ3, ఐ5, ఐ7 పెడితే బూట్ అవుతుంది, విండోస్ వస్తుంది, అంతా బాగుందని సంబరపడతాం. సరిగ్గా అరగంటకు ల్యాప్‌టాప్ దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ అరగంటే.

తర్వాత బయోస్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్. పాత ప్రాసెసర్ ఉండగానే కంపెనీ సైట్ నుంచి ఆఖరి బయోస్ దించి వేసుకోండి. కొత్తది పెట్టాక చేద్దాంలే అనుకుంటే, కొత్తదాన్ని పాత బయోస్ గుర్తుపట్టక నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉంటే ముందు సస్పెండ్ చేయండి. బ్యాటరీ నిండుగా, చార్జర్ పెట్టి ఉండాలి. మధ్యలో కరెంటు పోయి, పాత బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే బోర్డు పోయినట్టే, కాబట్టి గాలిదుమారం లేచిన సాయంత్రం ఈ పని పెట్టుకోకండి.

4. ఏది కొనాలి?

ఐ7 అన్న మాటను మర్చిపోండి. పాత ల్యాప్‌టాప్‌ల బేరంలో జనం ఎక్కువ మోసపోయేది ఈ రెండక్షరాల దగ్గరే. ఐ7-2620ఎం, ఐ7-3520ఎం, ఐ7-4600ఎం మూడూ ఐ7లే, మూడింటికీ ఉన్నవి రెండేసి కోర్లే. ఐ5-3320ఎంకు రెండు కోర్లు, నాలుగు త్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 3 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్. ఐ7-3520ఎంకు అవే రెండు కోర్లు, అవే నాలుగు త్రెడ్లు, 4 ఎంబీ, 3.6. ఐ5 తీసి ఈ ఐ7 పెడితే మూడు గంటల రెండర్‌లో పది, ఇరవై నిమిషాలు మిగులుతాయేమో. స్టిక్కర్ మాత్రం కొత్తగా ఉంటుంది.

క్యూఎం కథ వేరు. ఐ7-3630క్యూఎంకు నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, 6 ఎంబీ క్యాష్, 2.4 నుంచి 3.4 గిగాహెర్ట్జ్. వేడి అడ్డం పడకపోతే అదే మూడు గంటల రెండర్ గంటన్నర దరిదాపుల్లోకి వస్తుంది. ఇంత పెద్ద దూకుడు ఈ ల్యాప్‌టాప్‌ల జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది.

ఇప్పుడు అదే మెట్ల మీద ఇంకాస్త పైకి చూడండి. 3740క్యూఎం గరిష్ఠం 3.7, క్యాష్ 6 ఎంబీ. 3840క్యూఎం 3.8, క్యాష్ 8 ఎంబీ. అన్నిటికంటే పైన 3940ఎక్స్‌ఎం 3.9, క్యాష్ 8 ఎంబీ, పైగా 55 వాట్లు. అడుగునున్న 3630 నుంచి కొసనున్న 3940 దాకా గరిష్ఠ వేగంలో తేడా 15 శాతం కూడా లేదు. ధర మాత్రం మెట్టు మెట్టుకూ గెంతుతుంది, ఎక్స్‌ఎం దగ్గరైతే మోజుపడేవాళ్ల ధర. అందుకే 3వ తరంలో నేను ఎవరికైనా చెప్పేది 3630క్యూఎం లేదా దాని అన్న 3610క్యూఎం. 3720 గానీ 3740 గానీ కొద్ది తేడాతో దొరికితే అది తీసుకోండి. ఆ పైకి ఎక్కకండి.

2వ తరం బోర్డు అయితే ఇదే లెక్కన 2720క్యూఎం, 2760క్యూఎం చాలు. 4వ తరంలో 4700ఎంక్యూ, లేదంటే 4800ఎంక్యూ. 4వ తరం వాళ్లకు ఏవీఎక్స్2 అనే అదనపు సూచనల కట్ట కూడా ఉంటుంది, కొత్త వీడియో సాఫ్ట్‌వేర్లకు అది ఉపయోగమే.

ధర గురించి నా కొలత ఒకటుంది. మీ ల్యాప్‌టాప్‌ను ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో నిజాయితీగా అనుకోండి. ప్రాసెసర్, దాని వేడి లాగడానికి మీద పూసే పేస్ట్, కూలీ కలిపి అందులో మూడో వంతు దాటితే వద్దు. అదే మోడల్ క్వాడ్‌కోర్‌తోనే సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకు దొరుకుతుందో కూడా కనుక్కోండి. ఒక్కోసారి మీది అమ్మి అది కొనడమే తక్కువలో తేలిపోతుంది, స్క్రూడ్రైవర్ పట్టే పని కూడా ఉండదు.

ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో అధికారికంగా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే అర్హత. 3వ తరంలో ఎంత పెద్ద ప్రాసెసర్ వేసినా ఆ గీత దాటలేరు. బ్యాంకు పనులు, జీఎస్టీ ఫైలింగ్ అన్నీ ఈ ల్యాప్‌టాప్ మీదే అయితే, ఆ డబ్బు దాచి 8వ తరం ఐ5-8250యూ ఉన్న పాత ల్యాప్‌టాప్ చూసుకోండి. దానికీ నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లే, తాగేది 15 వాట్లు. రెండరింగ్ కోసమే విడిగా ఒక మూలన పెట్టుకునే యంత్రం అయితే, లేదా లైనక్స్ మింట్‌తో నడిపేది అయితే, ప్రాసెసర్ మార్పు ఇప్పటికీ గిట్టుబాటే.

5. మన ఎండ లెక్క కూడా వేసుకోండి

రెండు కోర్లవి 35 వాట్లు, నాలుగు కోర్లవి ఎక్కువగా 45 వాట్లు. 4వ తరంలో 37, 47. అదనంగా వచ్చే ఆ 10 వాట్ల వేడిని మోయాల్సింది పాత ఫ్యాను, పాత రాగి గొట్టమే. చల్లటి ఏసీ గదిలో కూర్చుని పరీక్షించినవాళ్లు చెప్పే ఉష్ణోగ్రతలు మనకు చెల్లవు. మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు, రేకుల కప్పు కింద స్టూడియోలో ఆ ఫ్యాను లోపలికి లాగేదే వేడి గాలి.

మిర్యాలగూడ నుంచి ఒక ల్యాప్‌టాప్ వచ్చింది, రైస్‌మిల్లు ఆఫీసుది. ఫ్యాను విప్పి చూస్తే, ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య తవుడు, దుమ్ము కలిసి గట్టిపడి అట్టముక్కలా తయారైంది. ట్వీజర్‌తో ఒక కొస పట్టుకుని లాగితే చాప చుట్టినట్టు మొత్తం ఒక్క ముక్కగా ఊడొచ్చింది. దాన్ని తీసి పేస్ట్ మార్చితే ఆ ల్యాప్‌టాప్‌కు ప్రాసెసరే అక్కర్లేకపోయింది, ఇన్నాళ్లూ వేడికి భయపడి తన వేగం తానే తగ్గించుకుంటోంది పాపం. జిన్నింగ్ మిల్లుల దగ్గర వాడేవాటిలో ఇదే పని దూది పింజ చేస్తుంది. అందుకే ముందు శుభ్రం చేసి, రెండ్రోజులు వాడి చూసి, అప్పుడు కొనుగోలు గురించి ఆలోచించండి.

మీ మోడల్‌కు రెండు రకాల హీట్‌సింకులు (ప్రాసెసర్ వేడిని ఫ్యాను దాకా మోసే రాగి భాగాలు) వచ్చాయేమో కనుక్కోండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న రకానికి సాధారణంగా రాగి గొట్టాలు ఎక్కువుంటాయి, టీ440పీ అలాంటిదే. ప్రెసిషన్, డబ్ల్యూ సిరీస్ లాంటి లావుపాటి వర్క్‌స్టేషన్లకు 45 వాట్లు లెక్కలోకి రావు. పలచగా ఉండే టీ430, ఈ6430 లాంటివాటికి మాత్రం 35 వాట్ల క్వాడ్‌కోర్ చూడండి: 3612క్యూఎం, 3632క్యూఎం. 4వ తరంలో 4702ఎంక్యూ, 4712ఎంక్యూ 37 వాట్లవి. వేగం కొంచెం తక్కువ, కానీ మే నెలలో కూడా ఆ వేగం నిలబడుతుంది. 3612, 3632 సోల్డర్ రకంలో కూడా వచ్చాయి, అందుకని అడుగున పిన్నులు కనిపించే ఫొటో అడక్కుండా డబ్బు పంపకండి.

6. ఎక్కడ, ఎలా కొనాలి?

ఇవి కొత్తవి దొరకవు, అన్నీ విప్పిన ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవే. నల్లగొండ, పాలమూరు షాపుల్లో అప్పుడప్పుడు తగులుతాయి గానీ, కావాల్సింది కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా పోవాల్సిందే. నల్లగొండ బస్సులో వెళ్తే ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పారడైజ్ స్టేషన్‌లో దిగండి. మీ ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లండి. అక్కడే బిగించి, ఆన్ చేసి చూపించమంటే చూపిస్తారు. చూపించనంటే పక్క కొట్టుకు నడవండి.

చేతిలోకి తీసుకున్నాక మూడు చూడండి. పైన చెక్కిన అక్షరాల్లో ఎస్ఆర్‌తో మొదలయ్యే కోడ్ ఉండాలి. దాని బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది ఇంజినీరింగ్ శాంపిల్. అమ్మకానికి చేసింది కాదు, చవగ్గా ఇస్తారు, చాలా బయోస్‌లు దాన్ని లెక్కచేయవు. రెండోది, మధ్యలో అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క మూలలు విరిగాయేమో. మూడోది, చిప్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని పిన్నుల వరుసల వెంట చూడండి. నాటు వేసిన మడిలో సాళ్లలా తిన్నగా కనిపించాలి.

7. బిగించడం

మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లోనే ఉచితంగా ఉంటుంది. ఏ స్క్రూ ముందు, ఏ మూత తర్వాత అన్నది అందులో చూసుకోండి. నేను చెప్పేది దానిలో రాయని సంగతులు.

చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూలు ఏ చోటివి ఆ చోటే ఉండేలా కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, దాని మీదే పెట్టండి. హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు వెనక నుంచి, బిగించేటప్పుడు ముందు నుంచి, ఒక్కోటి కొద్దికొద్దిగా. ఒకటే పూర్తిగా బిగిస్తే బరువంతా ఒక పక్కకు పడి సిలికాన్ మూల చిట్లుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లకున్న రేకు మూత వీటికి ఉండదు, బయటపడి ఉన్నది అసలు సిలికానే.

సాకెట్ పక్కన ఒక పెద్ద స్క్రూ, దాని దగ్గర తాళం బొమ్మలు రెండు ఉంటాయి. చపటా స్క్రూడ్రైవర్‌తో సగం చుట్టు తిప్పితే తాళం తెరుచుకుంటుంది. తిప్పేటప్పుడు ఇంకో చేతి వేలితో చిప్‌ను తేలిగ్గా అదిమి ఉంచండి. పాతది నిటారుగా పైకి తీయండి. కొత్తదాని మూలన ఉన్న చిన్న త్రిభుజం గుర్తు సాకెట్ గుర్తుతో కలిపి వదిలితే దాని బరువుకే అది కూర్చోవాలి. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు జరుగుతోంది.

ఈ ముక్క ఎలా తెలిసిందంటే, ఒకసారి తొందరలో నేనే నొక్కాను. చిప్ కొంచెం ఏటవాలుగా కూర్చుంది, బొటనవేలితో అదిమాను, తీసి చూస్తే రెండు పిన్నులు పడుకున్నాయి. మెకానికల్ పెన్సిల్‌లో ములుకు తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్ని పిన్నుకు తొడిగి, వెంట్రుకవాసి చొప్పున లేపాను. గంట పట్టింది. కస్టమర్ ఎదురుగా స్టూల్ మీద కూర్చుని రెండు చాయ్‌లు తాగాడు, "అయిందా అన్నా" అని ఐదుసార్లు అడిగాడు. పిన్ను విరగలేదు కాబట్టి ఇవాళ నవ్వుతూ చెప్తున్నాను.

తాళం మూశాక, సిలికాన్‌నూ రాగి పలకనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్ట్ బియ్యపు గింజంత పెట్టండి. సిలికాన్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి గింజను కూడా పొడుగ్గానే పెట్టండి. ఎక్కువ పెడితే చల్లగా ఉంటుందనేది భ్రమ. పక్కలకు కారడమే తప్ప ఉపయోగం లేదు.

8. ఆన్ చేశాక

మొదటిసారి స్క్రీన్ రావడానికి నిమిషం పట్టొచ్చు, ఒకసారి దానంతటదే ఆగి మళ్లీ లేవొచ్చు. కంగారుపడి బటన్ నొక్కకండి. ముందు బయోస్‌లోకి వెళ్లి పేరు సరిగ్గా చూపిస్తోందో, అన్ని కోర్లూ, హైపర్‌త్రెడింగ్ ఆన్‌లో ఉన్నాయో చూడండి. పాత వాడకందారు ఎవరో కోర్లు ఆపేసి ఉంచిన బయోస్‌లు కూడా తగిలాయి.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, ఉష్ణోగ్రతలు చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, మీ సొంత రెండర్ అరగంట నడపండి. 90 డిగ్రీల లోపు ఉంటే బాగుంది. 95 దాటి వేగం పడిపోతుంటే హీట్‌సింక్ మళ్లీ విప్పి పేస్ట్ సమంగా అంటిందో లేదో చూడండి. అంతా సరిగ్గా ఉండి కూడా ఎండాకాలంలో కాలుతుంటే ఒక చిట్కా ఉంది. పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించండి. టర్బో (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి చప్పున దిగుతుంది, నాలుగు కోర్లు మాత్రం పనిలోనే ఉంటాయి. వానలు పడ్డాక మళ్లీ 100 చేసుకోండి.

కొత్త ప్రాసెసర్ పెట్టాక కూడా నత్తనడకే అయితే చార్జర్ అనుమానించండి. డెల్ ల్యాప్‌టాప్‌లు అడాప్టర్‌ను గుర్తుపట్టకపోతే వేగాన్ని కావాలనే కిందికి దించేస్తాయి. ఆన్ చేయగానే అడాప్టర్ గురించి ఏదైనా హెచ్చరిక వస్తే దాన్ని చదవకుండా ఎంటర్ కొట్టకండి. 65 వాట్లది వాడుతుంటే 90 వాట్ల అసలు అడాప్టర్ పెట్టి చూడండి.

ఊడదీసిన పాత ఐ5ను టేబుల్ సొరుగులో విడిగా పడేయకండి. కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే, పిన్నులు పైకి ఉండేలా పెట్టి, మీద మోడల్ నంబరు రాసి దాచండి. రేపు ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే తప్పు బోర్డుదో ప్రాసెసర్‌దో తేల్చడానికి మా దగ్గరికి దాన్ని కూడా పట్టుకురండి.